పదకొండో ఫిర్యాదుకు జవాబు

"మేడమ్, మీ సున్నం పాడైపోయిందండి. కొత్త డబ్బా పంపిత్తారా, లేకపోతే పైవాళ్లకెవరికైనా రాయమంటారా?"

ప్రయోగశాలలో ఫోనెత్తగానే వినిపించిన మొదటి మాట అది. నమస్కారం లేదు, పేరు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు నిద్రా తిండీ మానేసి తయారు చేసిన సున్నం అది. పాడైపోయిందట!

"ఎవరు మీరు? ఏ స్టేషన్?"

"వెలగలంక అండి. హెడ్ కానిస్టేబుల్ సూర్యారావునండి. లాకప్పుకేం, పాలలాగుందండి. పాడైంది మా ఇల్లండి. పడగ్గది గోడ మీద వంకాయ రంగు దిగిపోయింది. మూడుసార్లు పైన పెయింటు కొట్టించేను. మళ్లీ వచ్చేత్తంది."

"మీ పడగ్గదికి మా సున్నం ఎలా వచ్చిందయ్యా?"

అవతల గొంతు సవరించుకున్నాడు.

"రెండు డబ్బాలు మిగిలినియ్యండి. మిగిలితే పారబోత్తామాండి?"

మిగిలిన ప్రభుత్వ రంగు ఎక్కడికి పోతుందో తెలియనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? బడి తలుపుల పచ్చరంగు హెడ్మాస్టరు ఇంటి గేటు మీద ఉంటుంది, ఆసుపత్రి కిటికీల నీలం కాంపౌండరు గారి మంచానికి ఉంటుంది. అతణ్ని తిట్టే హక్కు నాకూ లేదు. మా ఫ్లాటులో మా ఆయన కూర్చుని రాసుకునే గదికి వేసింది ఆ సున్నమే. ఒక డబ్బా మిగిలితే నేనే ఆటోలో వేసుకుని తెచ్చాను.

అయినా చిరాకు ఆగలేదు. "నోటి మాటలు నాకక్కర్లేదు. ఏం జరిగిందో కాగితం మీద రాసి, స్టేషన్ ముద్ర వేయించి పంపండి" అని ఫోను పెట్టేశాను. అలా అంటే పీడ విరగడవుతుందనుకున్నాను. నాలుగో రోజుకల్లా ఆ కాగితం వచ్చి నా బల్ల మీద పడింది. గుండ్రని అక్షరాలు, కింద సంతకం, పక్కన ఊదారంగు స్టేషన్ ముద్ర.

ఆ సున్నం సంగతి చెప్పాలి. మనిషికి ఎండకు పట్టే చెమట వేరు, భయానికి పట్టే చెమట వేరు. భయం చెమటలో ఉండే ఒక పదార్థం తగిలితే మా సున్నం అయిదు నిమిషాల్లో రంగు మారుతుంది. కొద్ది భయానికి లేత ఊదా. ప్రాణభయానికి వంకాయ రంగు. మైలు దూరం పరుగెత్తి వచ్చి ఆనుకున్నా తెల్లగానే ఉంటుంది. మొదట్లో నమ్మకం కుదరక మా డైరెక్టరు గది బయట బెంచీ వెనక గోడకు వేసి చూశాం. వారం తిరిగేసరికి గోడంతా ఊదా వీపులు వరసగా తేలాయి. ఎవరి వీపు ఏదో చెప్పుకుని నవ్వుకున్నాం. డైరెక్టరు గారు మాత్రం నవ్వలేదు.

ప్రభుత్వం దాన్ని రెండు చేతులా అందుకుంది. అదుపులో ఉన్న మనిషిని హింసించబోమని అన్ని దేశాలూ కలిసి రాసుకున్న ఒప్పందం ఒకటుంది కదా. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నామో నాలుగేళ్లకోసారి ఒక అంతర్జాతీయ కమిటీకి నివేదిక ఇచ్చుకోవాలి. ఈసారి చెప్పడానికి బ్రహ్మాండమైన సంగతి దొరికింది. రాష్ట్రంలో నాలుగువందల పన్నెండు లాకప్పులకు మా సున్నం వేశారు. ఏడాదిన్నర గడిచింది. నాలుగువందల పన్నెండూ తెల్లగానే ఉన్నాయి.

ఆ నివేదికలో మన రాష్ట్రం భాగం రాసేది మా ఆయనే. పేరు ప్రభాకరం, సచివాలయంలో ఉప కార్యదర్శి. ముందు తెలుగులో రాసి, ఆ తర్వాత తర్జుమాకు పంపాలని కొత్త నియమం వచ్చింది. తప్పులు దిద్దేవాళ్ల మీద ఆయనకు బొత్తిగా గురి లేదు. అందుకని ఆదివారం పొద్దున కాఫీలయ్యాక ఇద్దరం ఆ గదిలో కూర్చునేవాళ్లం. ఆయన చేతిలో రాతప్రతి, నా చేతిలో టైపు ప్రతి. ఆయన పైకి చదువుతారు. నా దాంట్లో తేడా కనబడితే ఎర్ర పెన్నుతో దిద్దుతాను. ఆయన చదివిందే అసలు ప్రతి, వాదన లేదు. ఇరవై మూడేళ్ల కాపురంలో నేను ఆయన మాటకు ఎదురు చెప్పని చోటు అదొక్కటే.

ఆ గదిలో ఈ మధ్య ఒక వింత కనబడింది. కుర్చీ వెనక, నడుము ఎత్తులో, ఓ పెద్ద క్యాలెండరు తగిలించారు.

"క్యాలెండరు అక్కడేంటండీ? వీపుతో తేదీలు చూస్తారా?"

"మేకు అక్కడే ఉంది, తగిలించాను. నువ్వు ఆ పేజీ తియ్యి" అన్నారాయన.

ఆ రోజు, అంటే సూర్యారావు ఫోను చేశాక వచ్చిన ఆదివారం, చదివినవి ఫిర్యాదుల మీద జవాబులు. కమిటీకి మన రాష్ట్రం నుంచి నేరుగా వెళ్లినవి పదహారు. పదకొండోది తాడి కరుణమ్మ అనే ఆవిడ రాసింది. ఆమె భర్త దావీదు ధాన్యం బస్తాలు మోసే హమాలీ. మిల్లులో దొంగతనం జరిగిందని వెలగలంక పోలీసులు తీసుకెళ్లారట. పద్నాలుగు నెలలైంది, మనిషి మళ్లీ కనబడలేదు. హైకోర్టుకు వెళితే ఆధారం లేదని కొట్టేశారు. గుర్తింపు కోసం ఆమె రాసిన వాక్యం నాకు ముల్లులా గుచ్చుకుంది: "బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమదాని కంటే నాలుగు వేళ్లు దిగి ఉంటుంది."

దానికి జవాబు ఒక్కటే వాక్యం. "సదరు వ్యక్తిని వెలగలంక స్టేషన్‌కు ఎన్నడూ తీసుకురాలేదు."

"ఈ జవాబు కమిటీ ఒప్పుకుంటే?" అని అడిగాను.

"ఫిర్యాదు మూసేస్తారు. ఆవిడకిక పోవడానికి ఇంకో చోటు లేదు" అన్నారు. పన్నెండోది చదవడం మొదలెట్టారు.

సూర్యారావు కాగితం మీద మళ్లీ వెలగలంక పేరు చూశాక నాకు కాలు నిలవలేదు. సహాయకుల్ని పంపొచ్చు, పంపలేదు. పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా వాన.

స్టేషన్ వెనక వరసగా ఎనిమిది క్వార్టర్లు. ఆరో నంబరు ముందు సూర్యారావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, బదిలీ మీద వచ్చి ఏడు నెలలైందట. అంతకుముందు ఆ ఇల్లు రెండేళ్లు ఖాళీగా ఉందన్నాడు. అతని భార్య ధనకుమారి నన్ను లోపలికి తీసుకెళ్లింది. పడగ్గదిలో మంచం నడిమధ్యకు జరిపి ఉంది.

"చూడండి మేడంగారూ. మా పిల్ల ఈ గదిలోకి అడుగెట్టనంటంది. ఎవరో కూర్చున్నట్టుందంటదండి."

ఎవరో కూర్చునే ఉన్నారు. నేలకు జానెడు ఎత్తులో మొదలై ఒక మనిషి వీపు. మధ్యలో వెన్నెముక గీత. తల ఆనించిన చోట గుండ్రంగా ఒక మచ్చ. అటూ ఇటూ గోడకు అదిమిపెట్టిన రెండు అరచేతులు, వేళ్లు విడివిడిగా. వంకాయ రంగు. ప్రయోగశాలలో అంత ముదురు రంగు నేనెప్పుడూ చూడలేదు. అంత భయం పుట్టించడం మాకు చేతకాలేదు కూడా.

కుడి భుజం ఎడమదాని కంటే దిగి ఉంది.

మంచం పట్టె మీద కూర్చుండిపోయాను.

"సున్నంలో ఏదో కలిసిపోయిందేమోనండి" అన్నాడు సూర్యారావు ఆశగా.

"సున్నం వేసేముందు గోడ గీకించారా?"

"లేదండి. పాత గోడ మీదే కొట్టేసేం."

అప్పుడు వెలిగింది నాకు. గోడలో ఇంకిన ఉప్పును వానాకాలం చెమ్మ పైకి లాగుతుందని ఏ తాపీ మేస్త్రీని అడిగినా చెబుతాడు. ఉప్పుతో పాటు ఆ చెమట కూడా పైకొచ్చింది. ఇన్నాళ్లూ గోడ గారలో దాక్కుని ఉండి, వానలు పడగానే మా సున్నాన్ని తాకి బయటపడింది.

"లాకప్పు చూపించండి" అన్నాను.

చూపించాడు. బయట తాళం, తాళం మీద బూజు. లోపల గోడలు అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి.

"ఎవరినీ పెట్టట్లేదా ఇందులో?"

"అమ్మో, ఇందులోనా? సున్నమేసిన కాడ్నుంచీ తాళమేనండి. గోడ పాడైతే మా ఎస్సై గారు ఊరుకోరు. ఎవరొచ్చినా బయటే ఎక్కడో అక్కడ..." అని, అన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

గోడ నుంచి వేలెడంత ముక్క తీసుకుని తిరిగొచ్చాను. సూక్ష్మదర్శిని కింద పెడితే సందేహం మిగల్లేదు. రంగు పైనుంచి లోపలికి దిగలేదు, లోపలినుంచి పైకి వచ్చింది. ఆ సాయంత్రం టెండరు కాగితాలు తీశాను. మూడో షరతు నేను రాసిందే: "సున్నం వేయుటకు ముందు పాత గారను పూర్తిగా చెక్కివేసి కొత్త గార వేయవలెను." ప్రయోగం శుద్ధంగా ఉండాలని రాశాను. నాలుగువందల పన్నెండు లాకప్పుల పాత గోడల్ని నేనే చెక్కించాను. వాటిలో ఎంతమంది వీపులు ఆనించుకుని కూర్చున్నారో, అంతా ట్రాక్టర్లకెత్తి ఏ గుంటల్లో పోశారో! దొంగ సాక్ష్యం చెప్పినవాళ్లను చూసి ఛీ అనుకునేదాన్ని. నేను చేసింది అంతకంటే పెద్ద పని.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని అంతా చెప్పాను. ప్రభాకరం ముద్ద కలుపుతూ ఆగిపోయారు.

"ఒక మచ్చ చూసి ఫలానా మనిషి అంటే ఎవరు నమ్ముతారు సుభా?"

"నేను నమ్ముతున్నాను. ఆ సున్నం నాది."

"ఆరు రోజుల్లో నివేదిక వెళ్లాలి. దాంట్లో నలభై ఒకటో పేరా నీ సున్నం మీదే ఉంది. నాలుగువందల పన్నెండు గదులు తెల్లగా ఉన్నాయని నువ్వు సంతకం పెట్టావు."

"సాయంత్రం అన్ని జిల్లాలకూ ఫోన్లు చేశాను, ఎక్కడడిగినా తాళాలేనట. తాళాలు వేసుంటే తెల్లగా ఉండక చస్తాయా!"

"మెల్లగా."

"ఎందుకండీ మెల్లగా? మీకు భయం. అంతే. పిరికితనానికి పెద్ద పేర్లు పెట్టకండి."

ఆయన చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లిపోయారు. నేను ఎంత మాటన్నానో ఆ క్షణాన నాకు తెలియలేదు.

ఆ గోడను ఎలా దక్కించుకోవడమా అని మర్నాడంతా తిరుగుతూనే ఉన్నాను. ఎస్సైకి తెలిస్తే గంటలో గీకించేస్తాడు. పైవాళ్లకు రాస్తే వాళ్లే ఎస్సైకి చెబుతారు. చివరికి దారి చూపించింది సూర్యారావు ఫిర్యాదే. మా కొనుగోళ్ల విభాగం వాళ్లు చాదస్తంగా ప్రతి ఒప్పందంలోనూ ఒక హామీ రాస్తారు. అయిదేళ్లలోపు సున్నంలో లోపం కనిపించినట్టు రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే, ఆ భాగాన్ని ప్రయోగశాలే కోయించి పరీక్షకు తీసుకెళ్లాలి. అంతవరకు దాన్ని ఎవరూ తాకకూడదు. ఫిర్యాదు ఉంది. ముద్ర ఉంది. డైరెక్టరు కూడా సున్నం పరువు పోతుందని కంగారుపడి, వివరాలు అడక్కుండానే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

రాయి కోసే రంపంతో ఇద్దరు మేస్త్రీలను, వాళ్లతో పాటు కరుణమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ఫిర్యాదులో ఉన్న చిరునామాకు వెళితే మిల్లు గేటు పక్కన టీ కాస్తూ కనబడింది. దావీదు వేసుకున్న చొక్కా ఏదైనా ఉందా అని అడిగితే, ఉతకకుండా దాచుకున్న దాన్ని సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.

గదిలోకి వచ్చి ఆమె ఏడవలేదు. గోడ దగ్గర చతికిలబడింది. ఆ కుడి భుజం పక్కన ఎడమ చెయ్యి పెట్టి నాలుగు వేళ్లు కొలిచింది. సరిగ్గా సరిపోయాయి.

"ఈ బుజానికి రోజూ నూనె రాసేదాన్నండి. కళ్లు మూసుకున్నా తెలుత్తాదండి నాకు" అంది. కొంచెం సేపటికి ఆ అరచేతి మచ్చ మీద తన అరచెయ్యి ఆనించి, "ఇంత బయపడ్డావా నువ్వు" అంది. ఆ మాట మాతో కాదు.

ధనకుమారి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది.

ఎస్సై అప్పటికే వచ్చాడు. కుర్రాడు, మీసం కింద పెదవి అదురుతోంది. "మేడమ్, ఇంత శ్రమ దేనికి? ఇదంతా మేం గీకించేసి శుభ్రంగా పెయింటు వేయించుకుంటాం."

"మీ స్టేషన్ ముద్రతో ఫిర్యాదు ఇచ్చారు. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకెళుతున్నాను."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు. ఏం సూర్యారావ్?"

సూర్యారావు మొహం పాలిపోయింది. "నేను సున్నం గురించి రాసేనండి. మనిషి గురించి రాయలేదండి" అన్నాడు నావైపు చూసి, దాదాపు బతిమాలుతూ.

గుమ్మంలోంచి ధనకుమారి అంది: "వెనక్కి తీసుకోకండి. ఆ గోడవార నా పిల్ల ఏడు నెలలు పడుకుంది. ఆయనెవరో పక్కనుండగా పడుకుంది. మీరు గానీ వెనక్కి తీసుకుంటే నేనీ ఇంట్లో ఉండనండి."

సూర్యారావు టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "తీసుకోనండి" అన్నాడు ఎస్సైతో. వారం తిరక్కుండా అతణ్ని ఏ అడవి అంచుకో విసిరేశారని తర్వాత విన్నాను.

మేస్త్రీలు రంపం ఆన్ చేశారు. నాలుగడుగుల గోడ ముక్కను పరుపులో చుట్టి వ్యానెక్కించాం. చొక్కా చెమటా గోడ చెమటా పోల్చి చూస్తే ఒకే మనిషివని తేలింది. ఆ కాగితం శుక్రవారం సాయంత్రం మా ఆయన బల్ల మీద పెట్టాను. కరుణమ్మ అన్న మాట కూడా చెప్పాను. "ఇక్కడికి వచ్చేడని ఒక్క ముక్క రాత్తే చాలండి. లేని మనిషి కోసం ఎతుకుతున్నానంటన్నారండి నన్ను" అంది.

ఆయన కాగితం తీసుకున్నారు. చదివి, మడిచి సొరుగులో పెట్టుకున్నారు. శనివారం కార్యదర్శి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. తలుపు వేసుకుని మాట్లాడారు. "అలాగే సార్" అనడం మాత్రం వినిపించింది. నేను వంటింట్లో గిన్నెలు విసిరికొట్టాను. ఇంకేం చేయగలను?

ఆదివారం పొద్దున చివరి ప్రతి దిద్దాలి. వెళ్లకూడదనుకున్నాను. కానీ ఎర్ర పెన్ను పట్టుకుని గదిలోకి వెళ్లాను. గోడ మీద క్యాలెండరు లేదు. బల్ల మీద చుట్టి పెట్టి ఉంది. ఆయన ఇంకా కుర్చీలో కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

కుర్చీ వెనక గోడ మీద ఊదారంగు వీపు ఉంది.

మాది కొత్త గోడ. లోపలినుంచి పైకొచ్చేది ఏమీ లేదు. అది పూర్తిగా ఆయనదే. కొంచెం గూని, తలవంచుకుని రాస్తే వచ్చే గూని. ఒకరోజుది కాదని చూడగానే తెలిసింది, పొర మీద పొర. నేను వెలగలంక వెళ్లకముందునుంచీ ఉంది. పదకొండో ఫిర్యాదు అందిన నాటినుంచీ ఉందేమో. ఆ వాక్యం రాస్తూ, మళ్లీ చదువుతూ, ఈ మనిషి నెలల తరబడి భయంతో చెమటలు పట్టి కూర్చున్నాడు. పక్క గదిలో నేను ఆ భయాన్ని కొలిచే సున్నం గురించి గొప్పలు చెప్పుకున్నాను. పిరికివాడని ఆయన మొహం మీదే అన్నాను. సిగ్గుతో నాకు చచ్చిపోవాలనిపించింది.

"కూర్చో" అన్నారు. ఆయనా కూర్చున్నారు. చదవడం మొదలుపెట్టారు.

నలభై ఒకటో పేరాకు వచ్చారు. నా ప్రతిలో "నాలుగువందల పన్నెండు గదులు తెల్లగా ఉన్నవి" అని ఉంది. ఆయన, "నాలుగువందల పన్నెండు గదులు తాళం వేసి ఉన్నవి, కావున తెల్లగా ఉన్నవి" అని చదివారు. నేను తలెత్తాను. ఆయన తలెత్తలేదు. ఫిర్యాదుల దాకా అదే గొంతుతో చదువుకుంటూ పోయారు.

"పదకొండు. తాడి దావీదును వెలగలంక స్టేషన్ సిబ్బంది క్వార్టర్ నంబరు ఆరులో నిర్బంధించారు. ఆయన కూర్చున్న గోడ రాష్ట్ర ప్రయోగశాలలో భద్రంగా ఉంది. ఆ తర్వాత ఆయన ఏమయ్యారో ఈ ప్రభుత్వం ఇంకా చెప్పలేదు. చెప్పవలసి ఉంది."

నా చేతిలో ఉన్న టైపు ప్రతిలో పాత వాక్యమే ఉంది. ఎన్నడూ తీసుకురాలేదు.

"నా దాంట్లో అలా లేదండీ" అన్నాను.

"నేను చదివిందే అసలు ప్రతి. దిద్దు."

"రేపు ఇది చూస్తే మిమ్మల్ని..."

"తెలుసు. దిద్దు సుభా. మధ్యాహ్నం టైపు చేయించి నా సంతకంతో పంపేస్తాను. నాకు ధైర్యం ఎక్కువసేపు ఉండదు."

ఆయన కాలర్ తడిసిపోయింది. వెనక గోడ మీద ఊదారంగు భుజాల పక్కనుంచి పాకుతూ, నా కళ్లముందే ముదురుతోంది. ఈ ఇల్లు ఉంటుందో ఉండదో, వచ్చే ఆదివారానికి ఈయన్ని ఎక్కడికి పిలుస్తారో, ఏం ప్రశ్నలు వేస్తారో, ఎక్కడ కూర్చోబెడతారో! లేచి వెళ్లి ఆయన్ని పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే చదవడం ఆగిపోతుంది.

ఎర్ర పెన్ను మూత తీశాను. పాత వాక్యం కొట్టేసి, దావీదు పేరుతో మొదలుపెట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చివర చుక్క పెట్టాను.

"కానివ్వండి. పన్నెండోది చదవండి" అన్నాను.